జారిన బంతిని ఎలా లెక్కపెట్టాలి

2021 ఆగస్టు 20న వాషింగ్టన్‌తో సన్నాహక మ్యాచ్. సిన్సినాటి బెంగాల్స్ జట్టులోకి కొత్తగా వచ్చిన జమార్ చేజ్ వైపు ఆ రోజు మూడు బంతులు వచ్చాయి. మూడూ చేజారాయి. సీజన్ లెక్కలకు ఎక్కని మ్యాచే అది. అయినా మర్నాడు అమెరికన్ ఫుట్‌బాల్ చూసేవాళ్ళలో చాలామంది అతని చేతుల గురించే మాట్లాడుకున్నారు. కాలేజీ ఆటగాళ్ళను ప్రొఫెషనల్ జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఆ ఏడాది అయిదో స్థానంలో తీసుకున్న కుర్రాడతను. జట్టులో బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ జో బరోకు అంతకు ముందు నవంబరులోనే మోకాలి లిగమెంట్ తెగింది. అతనికి అడ్డుగోడలా నిలబడగల పెనే సూవెల్‌ను వదిలేసి, బంతి పట్టేవాణ్ణి ఎందుకు తెచ్చుకున్నారని ఏప్రిల్ నుంచీ గొణుగుతున్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళకు ఆ మూడు బంతులు చాలినంత సాక్ష్యమైపోయాయి.

నేను టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాను. డాలస్ కౌబాయ్స్ సాధన చేసే చోటు మా ఊళ్ళోనే. చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి, ఆట సీజన్‌లో ఆదివారం వస్తే ఎవరో ఒకరి ఇంట్లో మ్యాచ్ నడుస్తూ ఉంటుంది. పదిహేనేళ్ళుగా సాఫ్ట్‌వేర్ టీములు చూస్తున్నాను. కాలేజీ నుంచి నేరుగా వచ్చిన పిల్లలు ఏటా నా దగ్గర చేరతారు. ఆర్నెల్లు తిరిగేసరికి వాళ్ళ మీద రివ్యూ రాయాలి. ఆ రివ్యూ ఎలా రాయకూడదో మేనేజర్ల ట్రైనింగుల్లో కంటే ఈ ఆట చూస్తూనే ఎక్కువ నేర్చుకున్నాను. హైదరాబాద్‌లో నైట్ షిఫ్ట్ చూసే టీమ్ లీడ్‌కీ, విజయవాడలో కౌంటర్ మీద కొత్త కుర్రాణ్ణి కూర్చోబెట్టిన బట్టల షాపు యజమానికీ కూడా ఇది పనికొస్తుందన్న నమ్మకంతో రాస్తున్నాను.

ఆట తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. క్రికెట్‌లో ఫీల్డర్ ఉన్న వైపు బంతి లేస్తే క్యాచ్ పట్టాలి. ఇక్కడ బంతి పట్టే రిసీవర్ పని బంతి రాకముందే మొదలవుతుంది. తనను కాపలా కాస్తున్నవాణ్ణి అడుగు మార్చి ఏమార్చాలి. ముందే అనుకున్న దారిలో పరిగెత్తాలి. రెండు మూడు గజాల ఖాళీ సంపాదించాలి. ఆ ఖాళీ కనిపిస్తేనే క్వార్టర్‌బ్యాక్ అతని వైపు విసురుతాడు. అంటే బంతి జారవిడిచినవాడు అప్పటికే కష్టమైన సగం పని పూర్తి చేశాడు. కాపలావాణ్ణి వదిలించుకోలేనివాడి వైపు మామూలుగా ఎవరూ విసరరు. రాని బంతి జారదు కాబట్టి మ్యాచ్ అయ్యాక అతని పేరు ఎదురుగా సున్నా డ్రాపులు ఉంటాయి. ఆ సున్నాను చూసి ఇతను నమ్మకస్తుడని అనుకుంటే జట్టుకే నష్టం.

మన ఆఫీసుల్లో ఈ నష్టం రోజూ జరుగుతుంది. ఒకే వారంలో చేరిన ఇద్దరు కుర్రాళ్ళు నాకు గుర్తున్నారు. ఒకతను వచ్చిన టికెట్‌నల్లా తనే తీసుకునేవాడు, తెలియకపోతే పక్కసీటుకెళ్ళి అడిగేవాడు, రాత్రి పూట ఏదైనా ఆగిపోతే ఫోన్ ఎత్తేవాడు. రెండోవాడు తనకు బాగా వచ్చిన పని తప్ప ముట్టుకునేవాడు కాడు. ఆర్నెల్ల తరువాత మొదటివాడి పేరు మీద మూడు గొడవలు ఉన్నాయి, రెండోవాడి మీద ఒక్కటీ లేదు. మీటింగులో అందరికీ గుర్తొచ్చింది ఆ మూడే. అవి ఎన్ని పనుల్లో మూడు అని అడిగినవాళ్ళు లేరు. లెక్క తీయిస్తే మొదటివాడు ముట్టుకున్న పనులు రెండోవాడివాటికి నాలుగు రెట్లు. ఆ రోజు నుంచి నాదొక నియమం. కొత్తవాళ్ళ తప్పు ఎవరైనా నా దగ్గరికి తెస్తే, దాని పక్కనే వాళ్ళ చేతికి అందిన పనుల సంఖ్య కూడా రాసుకుంటాను. కింది అంకె లేకుండా పై అంకెను రివ్యూలో పెట్టను.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు మన ఇళ్ళలో. కుండలో మెతుకులన్నిటికీ ఒకే మంట, ఒకే ఎసరు. అందుకే అక్కడ ఆ పరీక్ష చెల్లుతుంది. మనిషి చేతికి వచ్చే పనులకు ఒకే మంట ఉండదు. ఒకటి తేలిక, ఒకటి కష్టం, ఒకటి అర్ధరాత్రి వస్తుంది, ఒకటి సగం సమాచారంతో వస్తుంది. పైగా అన్నీ ఒకే రకం పనులైనా సరే, కొన్నిటిని చూసి తీర్పు చెప్పడం ఎంత ప్రమాదమో చిన్న లెక్క వేస్తే తెలుస్తుంది. ఒక రిసీవర్ నిజమైన సామర్థ్యం ఇరవై మంచి బంతుల్లో ఒకటి వదిలేంత అనుకుందాం. 60 బంతులు వస్తే సగటున 3 జారాలి. అచ్చం అలాంటి చేతులే ఉన్న వందమందిని ఆడిస్తే మాత్రం, కేవలం అదృష్టం అటూ ఇటూ కావడం వల్లే, దాదాపు 18 మంది 5 గానీ అంతకంటే ఎక్కువ గానీ జారవిడుస్తారు. మరో 19 మంది ఒక్కటో, అసలేమీ లేకుండానో సీజన్ ముగిస్తారు. మొదటి గుంపును చేతుల్లేనివాళ్ళంటాం, రెండో గుంపుకు దండలేస్తాం. వాళ్ళ చేతుల్లో తేడా వీసమెత్తు లేదు.

ఇంకో సంగతి. ఈ ప్రొఫెషనల్ జట్ల లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ అధికారిక గణాంకాల్లో డ్రాప్ అన్న గడే లేదు. వీడియో చూసి లెక్కపెట్టే సంస్థలు వేరే ఉన్నాయి, ఒక్కొక్కరిదీ ఒక్కో కొలమానం. గాల్లోకి చాచిన వేలికొసను తాకి పోయిన బంతిని ఒకరు డ్రాప్ అంటారు, ఒకరు అనరు. అందుకే ఒకే ఆటగాడికి ఒకే ఏడాది రెండు చోట్ల రెండు అంకెలు కనిపిస్తాయి. మీ ఆఫీసులో కొత్తమ్మాయి తప్పుల్ని లెక్కపెట్టింది ఎవరో, ఏది తప్పని అనుకుని లెక్కపెట్టారో అడిగి చూడండి. పక్క టీమ్ లీడ్‌కు నచ్చని పద్ధతిలో మెయిల్ రాయడం కూడా ఆ లెక్కలో చేరి ఉండొచ్చు.

చేజ్ దగ్గరికి మళ్ళీ వస్తాను, ఎందుకంటే అతని కథలో నన్ను బాగా కదిలించిన సంగతి ఇంకా చెప్పలేదు. కాలేజీ బంతికి రెండు కొసల దగ్గర తెల్ల చారలుంటాయి. బంతి తిరుగుతూ వస్తుంటే ఆ చారల వల్ల దాని తీరు కంటికి అందుతుంది. ప్రొఫెషనల్ బంతికి చారలు లేవు, అంతా గోధుమరంగే. పైగా చేజ్ 2020 సీజన్ మొత్తం కరోనా కారణంగా ఆడలేదు. అతని చివరి కాలేజీ మ్యాచ్ 2020 జనవరి 13న. లూసియానా స్టేట్ జట్టు క్లెమ్సన్‌ను 42-25తో ఓడించి జాతీయ విజేత అయిన రోజు. తరువాత ఏడాదిన్నరకు పైగా మ్యాచ్ అన్నది లేక, కళ్ళకు కొత్తదైన బంతి ముందు నిలబడ్డాడు. విలేకరులు అడిగితే ఉన్నదే చెప్పాడు: బంతి కాస్త పెద్దది, చారలు లేక వచ్చే తీరు కనిపించడం కష్టంగా ఉంది, అలవాటు పడాలి అని. దాన్ని సాకుగా తీసుకుని నవ్వినవాళ్ళు చాలామంది.

అందులో నవ్వాల్సింది ఏమీ లేదు. కొత్తగా వచ్చినవాడు ఇక్కడ తనకేది కనబడటం లేదో తెలిసి, నోరు విప్పి చెప్పాడు. అంతకంటే విలువైన మాట అతని పైవాళ్ళకు మరొకటి దొరకదు.

నేనే ఒకసారి ఆ మాటను వినిపించుకోలేదు. మా టీమ్‌లో చేరిన రెండో నెలలో ఒకమ్మాయి కస్టమర్లకు గడువు గుర్తు చేసే మెయిళ్ళు పంపే పని చేసింది. తేదీలు తారుమారయ్యాయి. మార్చి 4న వెళ్ళాల్సినవి ఏప్రిల్ 3కు పెట్టి ఉన్నాయి. అమెరికాలో నెల ముందు రాస్తారు, రోజు తరువాత రాస్తారు. ఆ అమ్మాయి చదువంతా రోజు ముందు రాసే మన దేశంలో. "ఫైల్లో ఏది ముందో రాసి లేదండీ, నేను మన పద్ధతే అనుకున్నాను" అంది. సాకు చెబుతోందనుకున్నాను. రివ్యూలో 'జాగ్రత్త తక్కువ' అని రాసేశాను. రెండు నెలలకు, ఎంతో జాగ్రత్తపరుడని నేనే మెచ్చుకునే మరో కుర్రాడు అదే ఫైల్లో అదే తప్పు చేశాడు. అప్పుడు తెరిచి చూస్తే ఆమె చెప్పింది అక్షరాలా నిజం. పిలిచి క్షమించమని అడిగాను, రివ్యూ తిరగరాయించాను. కానీ రెండు నెలల పాటు ఆ పిల్ల ప్రతి మెయిల్‌నూ నాలుగుసార్లు చదువుకుంటూ భయంతో గడిపింది. ఆ రోజుల్ని నేను తిరిగి ఇవ్వలేను.

కొత్తవాళ్ళు ఇచ్చే కారణం సాకో, సమాచారమో తేల్చడానికి ఇప్పుడు నేను చేసేది ఒక్కటే. వాళ్ళు చెప్పిన చారల్ని వెతుకుతాను. ఫైల్ తెరుస్తాను, సూచన ఎక్కడ ఇచ్చామో చూస్తాను, అదే పని అంతకుముందు చేసినవాళ్ళను అడుగుతాను. పది నిమిషాల పని. కారణం నిజమైతే సరిచేయాల్సింది ఫైల్‌ని. అబద్ధమైతే అది మరో రకం సంభాషణ.

బంతి విసిరేవాడు కూడా లెక్కలో ఉండాలి. ఎడమచేతి క్వార్టర్‌బ్యాక్ విసిరిన బంతి, కుడిచేతివాడి బంతికి వ్యతిరేకంగా తిరుగుతుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో జో మోంటానా తరువాత ఎడమచేతి స్టీవ్ యంగ్ వచ్చినప్పుడు రిసీవర్లందరూ ఆ కొత్త తిరుగుడుకు చేతులు సరిచేసుకోవాల్సి వచ్చింది. మీ టీమ్‌లో లీడ్ మారిన నెలలోనే తప్పులు పెరిగితే ముందు కొత్త లీడ్ పని ఎలా అప్పగిస్తున్నాడో చూడండి.

ఇక జారడంలో రకాలు. కోచ్‌లు వీడియో ఆపి ఆపి చూసేది ఇందుకే. బంతి చేతిలో పడకముందే ముందుకు పరిగెత్తాలన్న తొందరలో కళ్ళు తిప్పేసినవాడు ఒక రకం. అరచేతులతో అందుకోకుండా గుండెకు ఆనించుకుని పట్టాలని చూసి జారవిడిచేవాడు ఇంకో రకం. దెబ్బ పడుతుందని బిగుసుకుపోయేవాడు మరో రకం. మొదటివాడికి ఆఖరి అంగుళం దాకా బంతినే చూడమని గుర్తుచేస్తే చాలు. రెండోవాడి చేతుల తీరే మార్చాలి. ఛాతీకి పైన వచ్చే బంతికి రెండు బొటనవేళ్ళు దగ్గరగా, కిందికి వచ్చేదానికి రెండు చిటికెనవేళ్ళు దగ్గరగా పెట్టడం వందలసార్లు, యంత్రం బంతులు విసురుతూ ఉంటే, సాధన చేయించాలి. మూడోవాడికి ధైర్యం చిక్కేదాకా కాలం కావాలి. ముగ్గురి మీదా రివ్యూలో 'చేతులు బాగాలేవు' అన్న ఒకే ముక్క రాస్తే ముగ్గురిలో ఏ ఒక్కరూ బాగుపడరు. ఆఫీసులో పని సగంలో ఉండగానే తరువాతి పని మీదికి మనసు పోయేవాళ్ళు, పద్ధతే తెలియనివాళ్ళు, పెద్దవాళ్ళు చూస్తున్నారంటే చేతులు వణికేవాళ్ళు ముగ్గురూ ఉంటారు. ఎవరు ఎవరో తేల్చుకోవాలంటే పక్కన కూర్చుని ఒక్క గంట పని చూడాలి. దానికి బదులుగా పెట్టదగింది నాకు ఇంతవరకు ఏదీ కనిపించలేదు.

నాలుగో రకం ఒకటుంది, అది తెలివైన పిల్లల్లోనే ఎక్కువ. జెర్రీ రైస్ పేరు విన్నారా? మిసిసిపీలో తాపీమేస్త్రీ కొడుకు. తండ్రి వెంట పనికెళ్ళి, విసిరిన ఇటుకల్ని పట్టుకుంటూ పెరిగాడు. చిన్న కాలేజీలో ఆడుతున్న అతన్ని 1985 డ్రాఫ్ట్‌లో 16వ స్థానంలో శాన్‌ఫ్రాన్సిస్కో కోచ్ బిల్ వాల్ష్ తీసుకున్నాడు. ఇటుకలు పట్టిన చేతులు మొదటి ఏడాది బంతుల్ని జారవిడిచాయి, సొంత జట్టు ప్రేక్షకులే గోల చేశారు. అతని చేతుల్లో లోపం లేదు. వాల్ష్ ఎత్తుగడలు చిక్కువి, రైస్ పరిగెత్తుతూనే ఇప్పుడు ఎటు తిరగాలి, ఎదుటివాడు ఎలా నిలబడ్డాడు అని ఆలోచిస్తూ ఉండేవాడు. బుర్ర నిండిపోతే చేతులకు మిగిలేది తక్కువ. వాల్ష్ అతన్ని పక్కన పెట్టలేదు. ఆ డిసెంబరులో రామ్స్ జట్టు మీద ఒక్క మ్యాచ్‌లో రైస్ 10 క్యాచ్‌లతో జట్టును 241 గజాలు ముందుకు నడిపించాడు. దారులు ఒంటికి పట్టాక, రెండో ఏడాది 1,570 గజాలు. ఆట మానేసే నాటికి 22,895 గజాలు, ఇప్పటికీ దరిదాపుల్లో ఎవరూ లేరు. కాబట్టి చేరిన మొదటి నెలల్లో అయిదు సాఫ్ట్‌వేర్లు, మూడు రకాల ఫారాలు, ఇరవై మంది పేర్లు ఒకేసారి నేర్చుకుంటున్న పిల్లవాడు తేలికైన చోట తప్పు చేస్తే, అతని మీద ఉన్న బరువు కొంత దించి నెల రోజులు చూడండి.

అన్ని చేతులూ కుదురుకుంటాయని చెప్పను. రిసీవర్ రాండీ మాస్‌ను పంపేసి తెచ్చుకున్న ఎంపికతో మినెసోటా జట్టు 2005లో ఏడో స్థానంలో ట్రాయ్ విలియమ్సన్‌ను తీసుకుంది. మెరుపు వేగం అతనిది. దూరాన్ని అంచనా వేయడంలో చూపు ఇబ్బంది పెడుతోందని ప్రత్యేక శిక్షణ కూడా తీసుకున్నాడు. అయినా బంతులు జారుతూనే ఉన్నాయి, 2008లో అతన్ని వేరే జట్టుకు ఇచ్చేశారు. మూడేళ్ళు చూశారు, కారణం వెతికారు, చికిత్స ప్రయత్నించారు, ఆ తరువాతే వదులుకున్నారు. ఒకే రకం తప్పు, కారణం తెలిశాక కూడా, సాయం చేశాక కూడా తగ్గకపోతే ఆ పని ఆ మనిషికి సరిపడదు. అప్పుడు వేరే పనికి మార్చడమే ఇద్దరికీ మేలు. ఆలస్యం చేయడం దయ కాదు.

తప్పు జరిగిన రోజు మీ నోటి నుంచి ఏ మాట వస్తుందన్నది కూడా ముఖ్యమే. "నీకు శ్రద్ధ లేదు" అంటే విన్నవాడికి రేపు పొద్దున ఏం మార్చుకోవాలో తెలియదు. "చూడమ్మా, నిన్న బిల్లు మూసేముందు జీఎస్‌టీ గడి ఖాళీగా ఉండిపోయింది, రేపటి నుంచి మూసేముందు ఆ వరస ఒక్కసారి చదువు" అంటే తెలుస్తుంది. పదిమందిలో అనకండి. మెయిల్‌లో అందరినీ కలపకండి. అలాగని నవ్వి ఊరుకోనూ వద్దు. ఊరుకుంటే మీరు చూడలేదనుకుంటారు, లేదా చూసి మనసులో పెట్టుకున్నారని భయపడతారు.

అన్నిటికంటే నేను పట్టుబట్టేది తరువాతి బంతి గురించి. తప్పు చేసిన కొత్తవాడి దగ్గర నుంచి మనం చప్పుడు చేయకుండా పని తీసేస్తాం. పెద్ద క్లయింట్ కాల్‌కు పిలవం. ముఖ్యమైన ఫైల్ పక్కవాడికి వెళ్తుంది. మనం ఏమీ అనలేదనుకుంటాం, కానీ ఆ కుర్రాడికి అంతా వినబడుతుంది. మంచి జట్లు ఇలా చేయవు. డ్రాప్ తరువాత దగ్గర నుంచి ఒక చిన్న పాస్ వేసి ముందు చేతులకు బంతిని గుర్తు చేస్తారు, ఆ తరువాత పొడవాటిది వేస్తారు. మీరూ అదే వారంలో అదే రకం పని, కాస్త చిన్నది, మధ్యలో ఒకసారి చూపించమని చెప్పి ఇవ్వండి. మందుల మోతాదు, డబ్బు బదిలీ లాంటి చోట్ల మాత్రం రెండో మనిషి కళ్ళు తప్పనిసరిగా ఉండాలి, అది కొత్తవాళ్ళకే కాదు, పాతవాళ్ళకూ.

ఆగస్టులో మూడు బంతులు వదిలిన చేజ్‌కు సెప్టెంబరు 12న మినెసోటాతో మొదటి అసలు మ్యాచ్‌లో బరో 50 గజాల బంతి విసిరాడు, చేజ్ పట్టి, అవతలి గీత దాటి టచ్‌డౌన్ చేశాడు. ఆ రోజు 5 క్యాచ్‌లు, 101 గజాలు. ఏడాది చివరికి 81 క్యాచ్‌లు, 1,455 గజాలు, 13 టచ్‌డౌన్లు, ఉత్తమ కొత్త ఆటగాడి బహుమతి. ఆ ఏడాది అతను బంతులు జారవిడవడం మానలేదు, మధ్య మధ్య జారుతూనే ఉన్నాయి. బరో విసరడం మానలేదు.

ఇది చదువుతున్నవాళ్ళలో కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళూ ఉండే ఉంటారు. మీకు రెండు ముక్కలు. తప్పు జరిగిన గంటలోపే వెళ్ళి మీరే చెప్పండి. ఏం జరిగింది, ఎందుకు జరిగిందనుకుంటున్నారు, ఇప్పుడు ఏం చేశారు, ఇంతే, కన్నీళ్ళు వద్దు, వంద సారీలు వద్దు. మీకు కనబడని చార ఏదైనా ఉంటే భయపడకుండా చెప్పండి. రెండోది కష్టం. ఆ తరువాతి వారం చిన్నబుచ్చుకుని వెనక బెంచీకి జరగకండి. బంతి జారిన రిసీవర్ చేయగల పెద్ద తప్పు, మళ్ళీ రాకుండా ఉంటే బాగుండునని మెల్లగా పరిగెత్తడం. చూసేవాళ్ళకు అది వెంటనే తెలిసిపోతుంది.

తీర్పు చెప్పేవాళ్ళకు చివరి మాట: ఒక్క మెతుకు చాలదన్న కొలతే మంచి రోజుకూ వాడాలి. అలబామా నుంచి వచ్చిన జెర్రీ జూడీని 2020లో డెన్వర్ 15వ స్థానంలో తీసుకుంది. డిసెంబరు 27న ఛార్జర్స్ మీద 15 బంతులు అతని వైపు వచ్చాయి. పట్టింది 6. చేతుల్లోకి వచ్చి జారినవి అయిదని లెక్కేశారు. జట్టు 19-16తో ఓడింది. వారం తిరిగేసరికి రెయిడర్స్ మీద అతనికే 92 గజాల టచ్‌డౌన్. కొందరు తిట్లు వెనక్కి తీసుకుని, ఇక ఇతనికి తిరుగులేదన్నారు. ఆ 92 గజాలు కూడా ఒక్క మెతుకే. తరువాతి మూడేళ్ళలో ఒక్కసారీ వెయ్యి గజాలు దాటలేదు. 2024 మార్చిలో డెన్వర్ అతన్ని అయిదో, ఆరో రౌండ్ల ఎంపికల కోసం క్లీవ్‌లాండ్‌కు ఇచ్చేసింది. అక్కడ బంతులు అతని వైపు రావడం పెరిగింది. ఆ డిసెంబరు 2న, సోమవారం రాత్రి, పాత ఊరి ప్రేక్షకుల ముందే 9 క్యాచ్‌లతో 235 గజాలు సాధించాడు. ఏడాది మొత్తానికి 90 క్యాచ్‌లు, 1,229 గజాలు. ఉద్యోగంలో అది అతనికి అయిదో ఏడాది.